మూడో పాలెగాడు

పాలెగాని నాటకంలో పాలెగాళ్లు ముగ్గురు. కథలో ఉండేది ఒక్కడే. కానీ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల ఊళ్లలో ఆ నాటకం ఆడేటప్పుడు ఆ ఒక్కణ్ణి మూడు ముక్కలు చేసి ముగ్గురికి పంచుతారు. రాత్రి పది నుంచి తెల్లవారేదాకా ఒకే గొంతు పద్యాలు పాడలేదు కాబట్టి ఈ ఏర్పాటు. మొదటి పాలెగాడు పెళ్లి, వేట ముగించి దిగిపోతాడు. రెండోవాడిది దర్బారు. కుంపిణీ దొర ముందు నిలబడి, నీకు శిస్తు కట్టను పొమ్మని ఎనిమిది పద్యాలు పాడేది అతనే. జనం వచ్చేది ఆ ఎనిమిది పద్యాల కోసమే. మూడోవాడు చెరసాలలో ఐదు పద్యాలు పాడి ఉరికంబం ఎక్కుతాడు. అప్పటికి మూడున్నర అవుతుంది. ఎక్కడివాళ్లు అక్కడ పడుకుని ఉంటారు.

కృపానందం ఇరవై ఆరేళ్లుగా మూడో పాలెగాడు.

ఏడాదికి పాతిక నాటకాలు వేసుకున్నా అతన్ని ఆరు వందల సార్లకు పైగా ఉరి తీశారు. ఇన్నిసార్లు ఉరిపడ్డ మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. చూసినవాళ్లు మాత్రం లేరు. స్టేజీ మీది నుంచి అతనికి కనిపించేవి ముసుగు తన్నిన దుప్పట్లు, తెరుచుకున్న నోళ్లు, జనం మధ్యలో తిరుగుతూ మిగిలిన బొరుగులు వెతుక్కునే కుక్క. హార్మోనియం పెట్టె ముందు పీర్ సాహెబ్ ఒక్కడే మేలుకుని ఉంటాడు, మేలుకోక తప్పదు కాబట్టి.

అతను పుట్టింది పెద్దముడియం మండలంలో ఒక చిన్న ఊళ్లో. తాతల కాలం నుంచి క్రైస్తవులు. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. కొడుకు కీర్తన ఎత్తుకుంటే తక్కినవాళ్లు పాడటం మానేసి వినేవాళ్లు. పందొమ్మిదో ఏట క్రిస్మస్ పాటలు పాడుతూ పక్క ఊరి వీధుల వెంబడి పోతున్నప్పుడు పీర్ సాహెబ్ విన్నాడు. జమ్మలమడుగులో ఉంటూ ఊరూరికీ పోయి నాటకాలు నేర్పించే వాద్యగాడాయన. గుంపులో నుంచి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఎవురబ్బోడివిరా నువ్వు? ఈ గొంతు ఇన్నాళ్లు యాడ దాచిపెట్టినావు?"

ఆరు నెలల్లో కృపానందానికి నాటకం మొత్తం వచ్చేసింది. ముగ్గురు పాలెగాళ్ల పద్యాలూ, దొర మాటలూ, చివరికి పాలెగాని భార్య ఏడుపు కూడా. అప్పుడే మూడోవాడి వేషం ఖాళీ అయింది. "ముందు ఇది చెయ్, దర్బారు సంగతి మళ్ల చూద్దాం" అన్నాడు పీర్ సాహెబ్. ఆ తర్వాత ఆ మాట ఆయన ఎత్తలేదు. కృపానందం మాత్రం ఏటా ఉగాది ముందు, కొత్త బేరాలు మొదలయ్యే రోజుల్లో, ఎత్తుతూనే వచ్చాడు.

దర్బారు పులివెందుల జయచంద్రది. అతనికి ముందు అతని మేనమామది. పొలం మాదిరి, ఇల్లు మాదిరి, వేషం కూడా ఒక ఇంట్లో నుంచి ఇంకో ఇంట్లోకే పోతుంది. ఎవరూ కాగితం రాసుకోరు, ఎవరూ కాదనరు. జయచంద్రకు అరటికాయల వ్యాపారం. పదిన్నరకు కారులో వస్తాడు, పాడతాడు, ఒంటిగంటకు కారెక్కి పోతాడు. ఊళ్లవాళ్లు పీర్ సాహెబ్‌కు ఫోను చేసి నాటకం ఆడతారా అని అడగరు, జయచంద్ర వస్తాండాడా అని అడుగుతారు.

జయచంద్ర పద్యాలు మర్చిపోతాడు. అదీ ఒక అందమే ఈ జనానికి. అరవై ఏళ్లుగా చూస్తున్న నాటకం, గొర్రెలు కాసేవాళ్లకూ కలుపు తీసేవాళ్లకూ నోటికి వచ్చు. స్టేజీ మీద మాట తడబడగానే కింద నుంచి ఎవరో ఒకరు అందిస్తారు. అతను చెయ్యి ఊపి నవ్వి అందుకుంటాడు. ఈలలు పడతాయి. కృపానందం ఇరవై ఆరేళ్లలో ఒక్క మాట కూడా మర్చిపోలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నిద్రపోయేవాళ్లకు పద్యం తప్పినా ఒకటే, తప్పకపోయినా ఒకటే.

పగలు అతని పని ఎర్రగుంట్లలో. సిమెంటు లారీలకు రంగులు వేస్తాడు, నెంబర్లు రాస్తాడు, వెనక తలుపు మీద కోరినవాళ్లకు పులి బొమ్మో పావురం బొమ్మో గీస్తాడు. స్టిక్కర్లు వచ్చాక ఆ పనీ సగమైంది. ఆదివారం చర్చిలో పాడతాడు. ఒకసారి పాస్టరు బయట ఆపి అన్నాడు.

"ఏమప్పా కృపానందం, స్తుతి కీర్తన గదా అది. నువ్వు పాడతా వుంటే మమ్మల్నందర్నీ ఉరికి తీసకపోతాండట్లుండాది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు.

సినిమా కూడా అతన్ని వదిలిపెట్టలేదు. ఈ సీమకు సినిమావాళ్లు వచ్చేది గండికోట రాళ్ల కోసం, దుమ్ములో పరిగెత్తే సుమోల కోసం. మనుషులు కావలసివస్తే ప్రొద్దుటూరు యూనుస్ లారీ లెక్కన తోలుతాడు. అట్లా మొదటిసారి పోయినప్పుడు కృపానందాన్ని శవంగా పండబెట్టారు. మే నెల, నాపరాయి బండ, పొద్దున నుంచి సాయంత్రం దాకా. ఊపిరి కనపడకూడదన్నారు. పద్యానికి దమ్ము పట్టి పట్టి అలవాటైన మనిషి కాబట్టి బాగా చేశాడు. డైరెక్టరు మెచ్చుకున్నాడు కూడా.

రెండోసారి ఒక మాట ఇచ్చారు. "పెద్దాయన ఊళ్లో ల్యాడు." అంతే. ఆ మూడు మాటలు ఎన్ని తీర్ల అనవచ్చో ఇంట్లో వారం రోజులు అని చూసుకున్నాడు. సినిమా ప్రొద్దుటూరులో ఆడినప్పుడు భార్య ప్రేమమ్మను తీసుకుని మొదటి ఆటకే పోయాడు. తెర మీద అతని మొహం వచ్చింది, నోరు తెరుచుకుంది. అందులో నుంచి ఎవడిదో గొంతు, గరగరమంటూ, ఈ పక్క ఎవరూ ఏనాడూ మాట్లాడని ఒక యాసలో వచ్చింది. సీమవాడు అట్లా మాట్లాడితేనే సీమవాడని నమ్ముతారట బయటివాళ్లు. ప్రేమమ్మ చీకట్లో అతని వైపు తిరిగింది.

"ఏమయ్యా, నీ నోట్లో వాడెవుడు?"

ఆరోజు నుంచి అతనికి ఒక్కటే కోరిక. చచ్చేలోపల ఒక్కసారి, సొంత గొంతుతో, మేలుకుని ఉన్న జనం ముందు, ఆ ఎనిమిది పద్యాలూ పాడాలి. స్టేజీ మీదనో తెర మీదనో, ఎక్కడైనా సరే.

పోయిన ఏడాది ఎండాకాలంలో యూనుస్ ఎర్రగుంట్లకు వచ్చాడు. కృపానందం ఒక లారీ వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని నెంబరు రాస్తున్నాడు.

"కృపన్నా, ఆ బ్రష్షు కింద పెట్టు. పెద్ద పని. మీ నాటకం జట్టంతా కావల్ల. ప్రొద్దుటూరులో పాత నూనె మిల్లు మాట్లాడినారు. నాటకం జరగతా వుంటాది, కింద జనంలో హీరోకు, విలనుకు గొడవ. దర్బారు సీనే పెట్టమంటాండాడు డైరెక్టరు."

"దర్బారయితే జయచంద్రకు చెప్పుకో. నాకెందుకు చెప్తాండావు?"

"చెప్పొచ్చినా. పోస్టర్లో పేరు యెయ్యల్ల, బొమ్మ యెయ్యల్ల అంటాండాడు ఆయప్ప. డైరెక్టరు నవ్వి వద్దనె. నీకు వచ్చంట గదా ఎనిమిది పద్యాలు?"

కృపానందం లేచి నిలబడ్డాడు. చేతిలోని బ్రష్షు నుంచి తెల్లరంగు కారి కాలి మీద పడింది.

ఆ సాయంత్రమే జయచంద్ర ఫోను చేశాడు.

"ఏమప్పా, దర్బారుకు పోతాండావంట. నా కిరీటం యియ్యమంటావా? నీ తలకు వదులైతాదేమో, కొంచెం దూది పెట్టుకో."

"నీది నీకాడనే వుండనీ అప్పా. కిరీటం లేకపోయినా పద్యం పాడొచ్చు."

"పాడు పాడు. నా పద్యాలు నీ నోట్లో యెట్లుంటాయో నేను గూడా చూస్తా."

నా పద్యాలు అన్నాడు. రాసినట్టు, కన్నట్టు.

పది రోజులు ఎర్రగుంట్ల పని మానేసి జమ్మలమడుగు పోయి వచ్చాడు కృపానందం. పీర్ సాహెబ్ ఇంటి వసారాలో సాధకం. డెబ్భై దాటిన మనిషి, వేళ్లు వంకర్లు పోయినా హార్మోనియం మెట్ల మీద తప్పు పడవు. ఎనిమిది పద్యాలూ పాడించుకున్నాడు. మాట తప్పలేదు, రాగం తప్పలేదు, తాళం తప్పలేదు. చివరి రోజు ఆయన పెట్టె మూసి, దాని మీద చేతులు పెట్టుకున్నాడు.

"యెట్లుండాది మామా?"

"పద్యం సరిగ్గానే వుండాది."

అంతకు మించి అనలేదు. ముసలాయనకు మెచ్చుకోవడం రాదులే అనుకున్నాడు కృపానందం.

"ఈ తూరన్నా నీ గొంతేనా, మళ్ల ఎవుడన్నా దూరతాడా?" అని అడిగింది ప్రేమమ్మ, బయలుదేరేటప్పుడు.

"పద్యం యెవుడు పాడతాడే ఐదరాబాదులో? నాదే. రాసిపెట్టుకో."

నూనె మిల్లు కిటికీలకు, పైకప్పు రేకుల సందులకు నల్లగుడ్డలు కొట్టారు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ, లోపల నడిరాత్రి. ఒక పక్క స్టేజీ కట్టి తెర దించారు. కింద రెండు వందల మంది. యూనుస్ వాళ్లను పులివెందుల పక్క ఊళ్ల నుంచి తోలుకొచ్చాడు. మొహాలు అసలైనవి కావాలన్నారట డైరెక్టరుగారు. అసలైనవే తెచ్చాడు. గొర్రెలవాళ్లు, కూలి పనికి పోయే ఆడవాళ్లు, ఊళ్లో నాటకం ఉంటే పొద్దుగూకకముందే చాపలు పరిచి జాగా పట్టుకునేవాళ్లు. చిత్రీకరణ ఏందో వాళ్లకు అంతగా పట్టలేదు. నాటకం ఉందన్నారు, పగటిపూట ఉందన్నారు, వచ్చారు.

కృపానందం తెర వెనక నుంచి చూశాడు. ఒక్క దుప్పటి కూడా లేదు. రెండు వందల మంది, అందరూ నిటారుగా కూర్చుని ఉన్నారు. సినిమావాళ్లు ఇచ్చిన అట్ట కిరీటాన్ని ఇంకోసారి సర్దుకున్నాడు.

తెర లేచింది. పీర్ సాహెబ్ శ్రుతి పట్టాడు. కృపానందం దొర వేషగాడి ముందుకు రెండడుగులు వేసి, కత్తి పిడి మీద చెయ్యి పెట్టి, కడుపు నిండా గాలి పీల్చాడు.

"సార్, ఒక్క నిమిషం సార్."

చెవులకు హెడ్‌ఫోను తగిలించుకున్న ఒక అమ్మాయి స్టేజీ ఎక్కింది. ప్రశాంతి అని, డైరెక్టరు దగ్గర పని చేసే అమ్మాయి.

"సార్, వాయిస్ వద్దండి. పెదాలు కదిపితే చాలు."

"ఏందమ్మా?"

"కింద హీరోగారు డైలాగ్ చెప్తారు కదండి, అది ఇక్కడే రికార్డ్ చేస్తున్నాం. మీరు పాడితే అందులోకి వచ్చేస్తుంది. పాట తర్వాత హైదరాబాద్‌లో పాడించి వేసుకుంటాం. మీరు పాడుతున్నట్టు చేయండి చాలు. హార్మోనియం తాతగారూ, మీరు కూడా గాలి కొట్టకండి, వేళ్లు మాత్రం ఆడించండి."

పీర్ సాహెబ్ ఆ అమ్మాయిని పైకీ కిందకీ చూశాడు.

"గాలి కొట్టకపోతే అది పెట్టె గాదు బిడ్డా, ఊరికే చెక్క."

ఆమె నవ్వింది. మంచి పిల్లే. చెప్పమన్నది చెప్పింది. కృపానందం దిగిపోదామని మెట్ల వైపు తిరిగాడు. యూనుస్ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఇంతమందిని తెచ్చినా. నువ్వు దిగితే నా బతుకు పాయ. పాడినట్ల చెయ్, అంతే గదా. మొహమన్నా పడతాది."

మొహమన్నా పడతాది. పాలెగాళ్లు ముగ్గురే అనుకున్నాడు ఇన్నాళ్లు. ఇప్పుడు మొహం ఒకరిది, గొంతు ఒకరిది. అయినా అతను వెనక్కి తిరిగి తన చోటుకు పోయి నిలబడ్డాడు. పోస్టరు మీద పేరు అడిగిన జయచంద్ర గుర్తొచ్చాడు. దిగిపోయాడని తెలిస్తే పులివెందులలో ఎంత నవ్వుకుంటారో కూడా గుర్తొచ్చింది.

టేకు మొదలైంది. కింద ముందు వరసలో హీరో, విలను తలలు దగ్గర పెట్టుకుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. పైన కృపానందం నోరు తెరిచాడు, చెయ్యి చాచాడు, మీసం తిప్పాడు. శబ్దం లేదు. పీర్ సాహెబ్ వేళ్లు మెట్ల మీద ఊరికే నడుస్తున్నాయి. జనం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మధ్యలో నుంచి ఒక ముసలామె, సుంకులమ్మ, మోకాళ్ల మీద లేచి, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా అందించింది.

"కొండలు మావి కోనలును కోటలు మావియె నీకునేలరా!"

అతను మర్చిపోయాడనుకుంది. పక్కవాళ్లు రెండో పాదం అందుకున్నారు. మూడో పాదానికి ఆడవాళ్లంతా కలిశారు. నాలుగో పాదం రెండు వందల గొంతులతో రేకుల కప్పుకు తగిలింది. హీరో మాట ఆపేసి వెనక్కి తిరిగి చూశాడు.

"కట్, కట్. ఎవరండీ పాడమన్నది?" డైరెక్టరు మానిటరు వెనక నుంచి వచ్చాడు.

సుంకులమ్మ భయపడలేదు. "ఆ బిడ్డకు గొంతు పాయ సామీ. నోరు ఆడతాంది, మాట రాలేదు. అట్ల నిలబెట్టి చూస్తా వుంటారా? మీకు పద్యం రాకపోతే రాకపాయ, మాకు వచ్చు."

యూనుస్ చేతులు జోడించి అందరికీ చెప్పాడు. పద్యం మర్చిపోలేదు, కావాలనే పాడడం లేదు, ఎవరూ అందించవద్దు, నోరు కట్టుకుని కూర్చోండి. రెండో టేకుకు నోళ్లు కట్టుకునే కూర్చున్నారు. అయితే రెండో పద్యం దగ్గరికి వచ్చేసరికి ఇస్మాయిల్ అనే పెద్దమనిషి ఓర్చుకోలేకపోయాడు. చెంబుతో నీళ్లు పట్టుకుని, ముందు వరసలో హీరోకూ కెమెరాకూ మధ్యలో నుంచి నడుచుకుంటూ పోయి, స్టేజీ మీదికి చెయ్యి చాచాడు.

"గొంతు తడుపుకో అప్పా, వస్తాది."

మూడో టేకు, నాలుగో టేకు. ఎవరో ఒకరు దగ్గుతారు, ఎవరో రాగం తీస్తారు, ఎవరో పాపం అంటారు. డైరెక్టరు తల పట్టుకుని, భోజనానికి వదలమన్నాడు. ఈ జనం పనికిరారు, ఊళ్లో నుంచి కాలేజీ పిల్లల్ని తెప్పించండి, ఈ నాటకం తెలియనివాళ్లు కావాలి అన్నాడు. అసలైన మొహాలకు అంతటితో చెల్లిపోయింది.

మిల్లు వెనక రేకుల షెడ్డు నీడలో పొట్లాలు విప్పారు. కృపానందం కిరీటం పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తినబుద్ధి కాలేదు. సుంకులమ్మ పొట్లం చేతిలో పట్టుకునే దగ్గరికి వచ్చింది.

"నిజంగా గొంతుండాదా నాయనా నీకు?"

"వుండాది అవ్వా."

"మళ్ల ఈడ పాడు. ఈడ వద్దనేటోడు యెవుడు? ఇంత దూరం వచ్చి దర్బారు ఇనకుండా పోవాల్నా మేము?"

పాడప్పా, పాడు పాడు అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. కృపానందం పీర్ సాహెబ్ వైపు చూశాడు. ముసలాయన ఏదో చెప్పబోయి మానుకున్నాడు. పెట్టె దగ్గరికి లాక్కుని, ఈసారి గాలి కొట్టాడు.

కృపానందం లేచాడు. మిట్టమధ్యాహ్నం, రెండు వందల జతల కళ్లు అతని మీదే ఉన్నాయి. ఇరవై ఆరేళ్లు అడిగింది ఇదే. పద్యం ఎత్తుకున్నాడు. గొంతు లేచి, షెడ్డు దాటి, మిల్లు గోడ దాటి రోడ్డు మీదికి పోయింది. రోడ్డున పోయే ఆటో ఒకటి ఆగింది. తినేవాళ్లు చెయ్యి ఆపారు. మొదటి పద్యం, రెండో పద్యం. ఎక్కడా వణుకు లేదు. మూడో పద్యంలో, పాలెగాడు దొరను పేరు పెట్టి పిలిచి నవ్వే చోట, సుంకులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూశాడు. ఆ పద్యానికి ఏడవరు ఎవరూ. మీసం తిప్పుతారు, తొడ కొడతారు, ఈలలు వేస్తారు. ఇంకా గట్టిగా పాడాడు. ఐదో పద్యానికి మగవాళ్లు తలలు దించుకున్నారు. ఎనిమిదో పద్యం అయిపోయింది. ఎవరూ వన్స్ మోర్ అనలేదు. ఎవరిదో చావు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు అందరూ.

అతనే అడిగాడు. "ఏమవ్వా, బాగలేదా?"

"గొంతు దేవుడిచ్చింది నాయనా. అయితే..." ఆమె మాట వెతుక్కుంది. "దొర ముందర నిలబడినోడు అప్పుడే మెడకు తాడు పడినట్ల పాడితే యెట్ల? ఇంగా వాణ్ణి పట్టుకోనే లేదు గదా."

ఇస్మాయిల్ మెల్లగా అన్నాడు. "కోపం చేసుకోవద్దప్పా. జయచంద్రకు నీ గొంతులో సగం ల్యాదు. మాటలు గూడా మర్చిపోతాడు. గానీ ఆయప్ప పాడితే మాకే మీసాలు మొలిచినట్లుంటాది. నువ్వు పాడితే ఇంటికి పోయి పడుకోవల్లనిపిస్తాది, దుఃఖంతో."

కృపానందం పీర్ సాహెబ్ వైపు తిరిగాడు. ఆయన పెట్టె మెట్లనే చూస్తున్నాడు.

"నీకు తెల్సునా మామా ఇది?"

"తెల్సు."

"యెప్పట్నుంచి?"

"పదైదేండ్ల నుంచి. నువ్వు దర్బారు అడిగినప్పుడంతా వసారాలో ఒకటో రెండో పాడి చూపిచ్చేటోనివి గదా. నేర్చుకున్న ఆరు నెలలప్పుడు యెట్ల పాడినావో నాకు గుర్తుండాది. పిడుగు పడినట్లుండె. ఐదారేండ్లకు మెత్తబడె. తర్వాత పద్యమేదైనా నీ గొంతు చెరసాలలోనే కూర్చోబట్టె."

"చెప్పొచ్చు గదా."

"చెప్తే? కూర్చోబెట్టింది నేనే గదా కృపా. మూడోదానికి ఇంగొకడు దొరకలేదు నాకు. తెల్లారుజామున పాడేదానికి ఎవుడొస్తాడు?"

కృపానందం కిరీటం తీసుకుని దాని అట్ట మీద అంటించిన చెమ్కీని గోటితో గీకుతూ నిలబడ్డాడు. తిట్టాలంటే ఆ ముసలాయనను తిట్టాలి. తిట్టి ఏం లాభం. ఆ ఆరు నెలల గొంతు మళ్లీ రాదు.

సుంకులమ్మకు అతని మొహం చూసి పాపమనిపించినట్టుంది. "నీదేదో నువ్వు పాడు నాయనా. చెరసాల పద్యం పాడు, అది నీ గొంతుకు సరిపోతాది."

"ఎప్పుడన్నా ఇన్యావా అవ్వా అది?"

"ల్యా. చిన్నప్పట్నుంచి చూస్తాండా ఈ నాటకం, ఒక్కసారి గూడా ఇనలా. ఆ పొద్దుకు నిద్ర పట్టేస్తాది. తెల్లారి లేసి, చాప చుట్టుకుంటా, ఉరి అయిపాయనా అని అడిగి యింటికి పోతాం."

దాచుకోకుండా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు, తమకూ అంతేనన్నట్టు. కృపానందం కిరీటం కింద పెట్టాడు. నోరు తెరవబోయాడు. చెరసాల మొదటి పద్యం మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది.

"సార్, షాట్ రెడీ. డైరెక్టర్‌గారు పిలుస్తున్నారు." ప్రశాంతి పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాలే యూనుస్. అతను జనాన్ని లేపాడు. లారీ వచ్చింది, ఎక్కండి ఎక్కండి, మీ పని అయిపోయింది. సగం తిన్న పొట్లాలు చేతుల్లో పట్టుకుని వాళ్లు లేచారు. సుంకులమ్మ లారీ ఎక్కుతూ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. అంతే. ఆ పద్యం వింటామన్న రెండు వందల మంది, పట్టపగలు, మేలుకునే వెళ్లిపోయారు.

లోపల కాలేజీ పిల్లలు కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఫోన్లు. అతను స్టేజీ ఎక్కగానే ఎవడో కూశాడు. తెర లేచింది. కృపానందం దొర ముందు నిలబడ్డాడు. ఇప్పుడు అతనికి దొర కనపడలేదు. పీర్ సాహెబ్ కనపడ్డాడు, జయచంద్ర కనపడ్డాడు, నోట్లో దూరిన ఆ గరగర గొంతువాడు కనపడ్డాడు. గొంతు లేదు కాబట్టి ఏడుపు కూడా బయటికి రాలేదు. మిగిలిందంతా మొహంలోకి వచ్చింది. ఎనిమిది పద్యాలూ శబ్దం లేకుండా వాళ్ల మొహాన కొట్టాడు. ఒకే టేకు.

"అద్భుతం అండీ," డైరెక్టరు స్టేజీ దగ్గరికి నడిచి వచ్చాడు. "ఆ రోషం, ఆ చూపు. ఇంతసేపూ ఎక్కడ దాచారు? దీనికి మంచి గాయకుణ్ణి పెట్టి పాడిస్తాను, చూడండి."

కృపానందం దండం పెట్టి దిగాడు. రంగు కడుక్కోవడానికి నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోతుంటే ప్రేమమ్మ ఫోను చేసింది. ఎత్తలేదు.

సాయంత్రం జమ్మలమడుగు బస్సులో అతనూ పీర్ సాహెబూ పక్కపక్కన కూర్చున్నారు. హార్మోనియం పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. బస్సు ప్రొద్దుటూరు దాటాక పీర్ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే శనివారం పెద్దముడియం పక్కన నాటకముండాది. వస్తావా, రావా?"

"వస్తా. చెరసాల ముందర పెట్టు."

"ఏంది?"

"పది గంటలకు తెర లేస్తానే చెరసాల. పాలెగాడు సంకెళ్లతో కూర్చోని వుంటాడు. జరిగిందంతా తల్చుకుంటాడు. పెండ్లి, యేట, దర్బారు, అన్నీ దాని తర్వాత రానీ."

"సచ్చేటోణ్ణి ముందర చూపిచ్చి, మళ్ల పెండ్లి చేస్తావా వానికి?"

"సినిమాల్లో చెయ్యరా? పొద్దున నుంచి చూస్తివి గదా, యాడిది యాడ పెడతాండారో."

"అరవైయేండ్ల నుంచి ఆడతాండాం కృపా ఈ నాటకం. యెవురూ మార్చలా."

"అరవైయేండ్ల నుంచి నిద్రపోతాండారు. అవ్వ చెప్పె గదా."

"జయచంద్ర ఒప్పుకోడు."

"ఆయప్ప దర్బారు ఆయప్పకే వుండాది. నాకొద్దది ఇంగ. దాంట్లో నేను పనికిరానని ఈ పొద్దు తెలిసిపాయ. నాకు పనికొచ్చేది ఒకటుండాది, దాన్ని ఇంతవరకు ఒక్క మనిషి ఇనలేదు."

పీర్ సాహెబ్ కిటికీలో నుంచి బయటికి చూశాడు. పొలాల్లో ఎండ దిగిపోతోంది. టిక్కెట్టు ముక్కను వేళ్ల మధ్య చుట్టి చుట్టి చిన్నది చేశాడు.

"దర్బారు కోసం వచ్చే జనమప్పా అది. తెర లేస్తానే సంకెళ్లు, ఏడుపు కనపడితే లేసి యింటికి పోతారు."

"పోనీ మామా," అన్నాడు కృపానందం. "మేలుకొనే గదా పోయేది."